ఆపడం కూడా మెదడు పనే

సభలో ఉన్న పెద్దలకు, అక్కలకు, అన్నలకు, కాలేజీల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మెదడు గురించి మాట్లాడమంటే అందరూ 8,600 కోట్ల నాడీకణాల లెక్కతో మొదలుపెడతారు. లెక్క సరైనదే. కానీ వాటిలో దాదాపు 6,900 కోట్లు తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. మాట, ఆలోచన, లెక్కాపత్రం నడిపే పైపొరలో ఉన్నవి 1,600 కోట్లే. అంటే ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏది దేనితో ఎట్లా కలిసిందన్నది చూడాలి. ఆ కలయికల్లో ఈ రోజు ఒక్కదాని గురించే చెప్తాను. ఒక నాడీకణం ఇంకో నాడీకణాన్ని ఆపడం. ధనుర్వాతం, ఫ్లోరైడు నీళ్లతో బిగుసుకుపోయిన కాళ్లు, మందు కల్లు దొరకక వచ్చే ఫిట్స్... నల్లగొండ, పాలమూరు వైపు బాగా తెలిసిన ఈ మూడింటిలోనూ చెడేది ఈ ఆపే పనే.

ముందు వరుసలోంచి ఒక తమ్ముడు వచ్చి ఈ బల్ల మీద కూర్చోవాలి. పాదాలు నేలకు తగలొద్దు, వేలాడాలి. ప్యాంటు మోకాలి పైకి మడవండి. మోకాలి చిప్ప కింద వేలితో నొక్కితే ఒక గట్టి పట్టీ తగులుతుంది, తొడ ముందు కండరాన్ని కాలి ఎముకకు కట్టి ఉంచేది అదే. ఈ రబ్బరు సుత్తిని మణికట్టు వదులుగా పెట్టి, దాని బరువుతోనే ఆ పట్టీ మీద పడనివ్వాలి. చూశారా, కాలు ముందుకు ఎగిరింది. కొందరికి ఎగరదు. ఎక్కువసార్లు కారణం ఏందంటే, అందరూ చూస్తున్నారని కాలు బిగబట్టి కూర్చుంటారు. అప్పుడు రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగమని చెప్పి, లాగుతుండగానే కొట్టాలి. అప్పటికీ కాలు కదలకపోతే తొడ మీద చెయ్యి వేసి చూడండి. కదలిక కనిపించకున్నా కండరం బిగిసింది చేతికి తెలుస్తుంది.

లోపల జరిగింది ఇది. సుత్తి పడగానే తొడ కండరం రవ్వంత సాగింది. కండరంలోని స్పిండిల్ అనే గ్రాహకాలు ఆ సాగుదలను పసిగట్టాయి. అక్కడి నుంచి మైలిన్ అనే కొవ్వు తొడుగున్న లావు నాడీతంతువుల మీదుగా సెకనుకు 80 నుంచి 120 మీటర్ల వేగంతో సంకేతం వెన్నుపాముకు చేరింది. అక్కడ ఒకే ఒక్క సైనాప్స్, అంటే రెండు నాడీకణాలు కలిసే చోటు, దాటి, తొడ కండరాన్ని నడిపే నాడీకణాన్ని రేపింది. సుత్తి పడ్డాక సుమారు 20 మిల్లీసెకన్లకే కండరంలో విద్యుత్తు మొదలవుతుంది. కావాలని కాలు ఎత్తమంటే అంతకు ఏడెనిమిది రెట్లు సమయం పడుతుంది.

పాఠ్యపుస్తకాల బొమ్మ చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. అసలు సంగతి ఆ పక్కనే ఉంది. తొడ వెనక ఇంకో కండరం ఉంది, అది కాలును వెనక్కి లాగుతుంది. ముందుది బిగిసినప్పుడే అదీ బిగిస్తే కాలు కొయ్యలా నిలబడిపోతుంది. అందుకే స్పిండిల్ నుంచి వచ్చిన అదే తంతువు వెన్నుపాములో ఒక కొమ్మ విడిచి, ఒక చిన్న మధ్యస్థ కణాన్ని కూడా రేపుతుంది. ఆ చిన్న కణం గ్లైసిన్ అనే రసాయనాన్ని వదిలి, వెనక కండరపు నాడీకణానికి బ్రేకు వేస్తుంది. శరీరంలో ఇంతకన్నా చిన్న వలయం దొరకడం కష్టం. దాంట్లో కూడా రేపే పని, ఆపే పని జంటగానే నడుస్తాయి. షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని జంతువుల మీద ఏళ్ల తరబడి కొలిచాడు, 1932లో నోబెల్ వచ్చింది.

ఇగ ఒక నాడీకణం ఇంకోదాన్ని ఆపడమంటే ఏమిటో చూద్దాం. నాడీకణం ఊరికే ఉన్నప్పుడు దాని లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. చాలా చిన్న అంకె అనిపిస్తుంది. కానీ కణపు పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు, కాబట్టి ఆ పొర మీద పడే ఒత్తిడి మిల్లీమీటరుకు 10,000 వోల్టుల దాకా ఉంటుంది. దీన్ని నిలబెట్టేందుకు పంపు ప్రోటీన్లు 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూనే ఉంటాయి. శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో 20 శాతం అదే తింటుంది. ఈ పంపుల పని అందులో పెద్ద వాటా.

ఆ మైనస్ 70 కాస్తా మైనస్ 55 దగ్గరికి వస్తే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుని, మిల్లీసెకను రెండు మిల్లీసెకన్ల పాటు కణం పేలుతుంది, అంటే విద్యుత్ సంకేతం పంపుతుంది. మైనస్ 55 దాకా రాకపోతే ఏమీ జరగదు. సగం పేలడం అనేది లేదు. మెదడు పైపొరలో ఒక్క సైనాప్స్ ఇచ్చే ఊపు చాలాసార్లు ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు. అందుకే పదుల కొద్దీ సైనాప్స్‌లు దాదాపు ఒకేసారి ఊపిస్తేనే కణం పేలుతుంది.

ఆపే సైనాప్స్ చేసేది ఏమంటే, క్లోరైడ్ ద్వారాలను తెరుస్తుంది. క్లోరైడ్‌ది రుణావేశం. అది లోపలికి వస్తే కణం మైనస్ 70 కన్నా ఇంకా కిందికి దిగుతుంది, లేకపోతే ఉన్నచోటే బిగుసుకుంటుంది. మిగతా సైనాప్స్‌లు ఎంత ఊపినా ఆ ద్వారాల గుండా కారిపోతుంది. వెన్నుపాములో ఈ పని ఎక్కువగా గ్లైసిన్‌ది, మెదడులో గాబా అనే ఇంకో రసాయనానిది. పైపొరలో ఆపే కణాలు ఐదింట ఒక వంతే. అయినా వాటిలో చాలా కణాలు సైనాప్స్‌లను తెచ్చి కణపు నడిబొడ్డు మీద, సంకేతాన్ని బయటికి మోసుకెళ్లే తంతువు, అంటే ఆక్సాన్, మొదలయ్యే చోట పెట్టుకుంటాయి. పేలాలా వద్దా అని తేలేది అక్కడే కదా, అందుకే తక్కువ ఉన్నా వాటి మాట చెల్లుతుంది. చదువుకునే తమ్ముళ్ల కోసం ఒక ముక్క: సైనాప్స్‌లో సంకేతం విద్యుత్తుతో దాటుతుందని ఎక్లిస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఏళ్ల పాటు వాదించాడు. 1951లో పిల్లి వెన్నుపాము కణంలోకి సూది ఎలక్ట్రోడ్ దింపి ఆపే సంకేతాన్ని కొలిచాడు. వోల్టేజి కిందికి పోయింది. రసాయనంతో తప్ప అట్లా జరగదని తన వాదన తనే వదిలేశాడు.

ఇప్పుడు జబ్బులకు వద్దాం. ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. మేకు గుచ్చుకున్న గాయంలో గాలి తగలకపోతే పెరిగి విషం వదులుతాయి. ఆ విషం కండరంలోకి వచ్చే నాడీతంతువు కొసలోకి ఎక్కి, తంతువు లోపలే వెనక్కి ప్రయాణించి వెన్నుపాముకు చేరుతుంది. అక్కడ ఆపే కణంలోకి దూకి, గ్లైసిన్, గాబా సంచులను విడుదల చేసే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. ఇక బ్రేకు లేదు. ముందు కండరం, వెనక కండరం రెండూ ఒకేసారి బిగుస్తాయి. గాయం కాలికి అయినా ముందు దవడ ఎందుకు పడుతుందని అడుగుతారు. రక్తంలో కలిసిన విషం అన్ని నరాల కొసల్లోకీ ఎక్కుతుంది, దవడ నరం పొట్టిది కాబట్టి అక్కడ ముందు పైకి చేరుతుంది. గాయమైన మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు మొదలవుతుంది. రోగికి స్పృహ పూర్తిగా ఉంటుంది, ప్రతి బిగింపూ తెలుస్తుంది. తలుపు చప్పుడైనా, లైటు వేసినా మళ్లీ బిగుస్తాడు. అందుకే చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచుతారు. కణంలోకి వెళ్లిన విషాన్ని ఏ ఇంజెక్షనూ బయటికి తేలేదు. కొత్త కొసలు మొలిచేదాకా వారాల తరబడి కాపాడుకోవాలి. మన ఆయుర్వేద వైద్యంలో విషముష్టి గింజలు వాడతారు, శుద్ధి చేసినవే. పచ్చి గింజలోని స్ట్రిక్నిన్ చేసేదీ దాదాపు ఇదే. ధనుర్వాతంలో గ్లైసిన్ బయటికే రాదు, ఇక్కడ వస్తుంది గాని దాన్ని అందుకునే గ్రాహకం మూసుకుపోతుంది.

ఫ్లోరైడు సంగతి నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వాళ్లకు నేను చెప్పే పని లేదు. ఎముకల మాట అందరికీ తెలుసు, నరాల మాట తక్కువ మందికి తెలుసు. ఏళ్ల తరబడి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు కన్నా బాగా ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీళ్లు తాగితే వెన్నెముక పూసలు లావెక్కుతాయి, వాటిని కలిపే పట్టీలు కూడా ఎముకలా మారతాయి. పూసల మధ్య దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది, మెడ దగ్గర ముఖ్యంగా. మెదడు నుంచి దిగే దారులు అక్కడ దెబ్బతింటాయి. ఆ దారులు కాళ్లను కదిలించేవి మాత్రమే కావు, మోకాలి వలయాన్ని అదుపులో పెట్టేవి కూడా. అందుకే అటువంటి మనిషి మోకాలి మీద సుత్తి మెల్లగా తాకించినా కాలు ఎగిరిపడుతుంది. మోకాలు కొంచెం వంచి పాదాన్ని టక్కున పైకి నెట్టి పట్టుకుంటే మడమ దగ్గర పాదం తనంతట తనే టపటపా కొట్టుకుంటుంది. ఐదుసార్లకు మించి ఆగకుండా కొట్టుకుంటే దాన్ని వాతం నొప్పులని మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. ఎంఆర్‌ఐ తీయించాలి. కొందరికి ఒత్తిడి తీసే ఆపరేషన్ పనికొస్తుంది గాని, ఆలస్యమైతే నలిగిన నరాలు తిరిగి రావు.

ఇక మందు కల్లు. గీత కార్మికులు నొచ్చుకోవద్దు, నేను మాట్లాడేది తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి దింపిన కల్లు గురించి కాదు. చెట్టు కల్లు చాలనిచోట నీళ్లలో అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు కలిపి అమ్మే సీసా గురించి. ఈ మందులన్నీ గాబా గ్రాహకం మీదే కూర్చుంటాయి. అల్ప్రాజోలం తనంతట తను ద్వారం తెరవదు, గాబా వచ్చినప్పుడు ద్వారం ఎక్కువసార్లు తెరుచుకునేట్టు చేస్తుంది. తాగినవాడికి ఒళ్లు తేలికవుతుంది, నిద్ర పడుతుంది. రోజూ తాగితే నెలల్లో మెదడు లెక్క సరిచేసుకుంటుంది. గాబా గ్రాహకాలు మందుకు స్పందించడం తగ్గిస్తాయి, రేపే గ్లూటమేట్ అనే రసాయనం వైపు బలం పెరుగుతుంది. అందుకే మొదట ఒక్క సీసాకు వచ్చిన నిద్ర తర్వాత మూడింటికి కూడా రాదు.

దాడి జరిగి దుకాణం మూతపడిందనుకుందాం. మందు రక్తంలోంచి పోతుంది, కానీ మెదడు చేసుకున్న సర్దుబాటు అట్లాగే ఉంటుంది. ఆపేది బలహీనం, రేపేది బలంగా ఉన్న వలయం ఒక్కసారిగా ఒంటరిదైపోయింది. అల్ప్రాజోలం ఉన్న కల్లయితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. డయజెపాం అయితే శరీరంలో చాలా రోజులు ఉంటుంది గనక వారం దాకా ఆగొచ్చు. ఇంట్లోవాళ్లు ‘ఇగ గట్టెక్కిండు’ అనుకున్నాక వచ్చేది ఇదే. ముందు నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు. తర్వాత లేని మనుషులు కనిపించడం, లేని మాటలు వినిపించడం, ఇంట్లోవాళ్ల మీద అనుమానం. ఆ పైన ఫిట్స్. ఇది పిచ్చి కాదు, మొండితనం అసలే కాదు. ‘మానేస్తానని ఒట్టు పెట్టిండు, ఇప్పుడు నాటకాలాడుతుండు’ అని గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మనిషి పోతాడు. దవాఖానలో అదే జాతి మందును లెక్కగా ఇచ్చి, వారానికో రెండు వారాలకో 10 నుంచి 25 శాతం చొప్పున తగ్గిస్తారు. మెదడు పెట్టుకున్న సర్దుబాటు వెనక్కి తిరగడానికి అంత సమయం కావాలి. తొందరపడి సగానికి సగం కోస్తే మళ్లీ ఫిట్సే.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలపడం ఎందుకూ పనికిరావు. మామూలు ఫిట్ రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, అప్పుడే పెట్టాం గనక తాళాల వల్ల ఆగిందనుకుంటాం. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, కాళ్లూ చేతులూ నొక్కి పట్టొద్దు, ఫోనులో టైము చూడండి. 5 నిమిషాలు దాటితే 108. ఆ 5 నిమిషాల హద్దు ఊరికే పెట్టింది కాదు. ఫిట్ సాగుతున్న కొద్దీ సైనాప్స్ మీద ఉన్న గాబా గ్రాహకాలు పొర మీది నుంచి కణం లోపలికి వెళ్లిపోతాయి. మొదటి పది నిమిషాల్లో, గాబా గ్రాహకం మీద కూర్చునే లోరాజెపాం ఇంజెక్షనుకు ఆగే ఫిట్ గంట దాటాక అదే ఇంజెక్షనుకు ఆగకపోవచ్చు, ఎందుకంటే మందు కూర్చోవడానికి గ్రాహకం అక్కడ లేదు. ఇంట్లో ఎవరికైనా మాటిమాటికి ఫిట్స్ వస్తుంటే, ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టరుతో రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

చివరగా, వాంతుల సూది వేశాక మెడ బిగుసుకునే సంగతి. మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులు ఉన్నాయి. వాటిలో సంకేతాలు బయటికి పంపే భాగం కదలికల మీద ఎప్పుడూ గాబా బ్రేకు వేసే ఉంచుతుంది. చెయ్యి ఎత్తాలంటే ఆ ఒక్క కదలిక మీది బ్రేకును మాత్రమే వదలాలి. ఏది వదలాలో సర్దడంలో మెదడు రసాయనం డోపమిన్‌ది పెద్ద చెయ్యి. అది తగ్గితే ఏ బ్రేకూ సరిగా వదలదు, అదే పార్కిన్సన్ జబ్బు. వాంతులు ఆగడానికి వేసే మెటోక్లోప్రమైడ్ డోపమిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. పిల్లల్లో, పాతికేళ్ల లోపు వాళ్లలో కొందరికి సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుంటుంది, కళ్లు పైకి నిలబడతాయి, నాలుక బయటికి వస్తుంది. చూసేవాళ్లకు భయం వేస్తుంది. గాలి సోకిందనో, బాణామతి అనో భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయే సందర్భం సరిగ్గా ఇదే. ప్రోమెథజీన్ ఇంజెక్షన్ ఒక్కటి పడితే చాలాసార్లు అరగంటలో మెడ నిటారుగా వస్తుంది. అయితే ఏ మందు వల్ల వచ్చిందో డాక్టరుకు తెలియాలి. నిన్న ఆర్‌ఎంపీ దగ్గర వాంతులకు వేయించుకున్న సూది చీటీ గాని, ఖాళీ సీసా గాని వెంట తీసుకెళ్లండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.