ఓనర్ గారు ఇల్లు అమ్ముతామన్నారు... లీజు మధ్యలో ఎంతకి ఖాళీ చేశాం?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? వెనకాల అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి కదా, అవును, ఇల్లు మారాం. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనే, పాత ఇంటికి దగ్గర్లోనే. "ఆగస్టు దాకా లీజు ఉందన్నారుగా, అప్పుడే ఎందుకు మారారు?" అని కామెంట్లలో అడుగుతున్నారు. ఓనర్ గారు ఇల్లు అమ్మకానికి పెట్టారు. మేం మధ్యలో ఖాళీ చేశాం, ఊరికే కాదు, డబ్బులు తీసుకుని. ఆ బేరం సంగతే ఇవాళ.

మా ఓనర్ గారు మనవాళ్ళే, గుంటూరు వైపు. ఆ టౌన్‌హౌస్‌లో ముందు వాళ్ళే ఉండేవారు. ఉద్యోగం మారి డాలస్ వెళ్ళిపోతూ మాకు అద్దెకిచ్చారు. మంచివారు, వాటర్ హీటర్ పాడైతే మర్నాటికల్లా కొత్తది పెట్టించారు. సంక్రాంతికి ఫోన్ చేస్తే పండగ పలకరింపే అనుకున్నాం. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, "తమ్ముడూ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. ఫిబ్రవరి ఆఖరుకి ఖాళీ చేసిపెట్టండి. మీ డిపాజిట్ పైసా తగ్గకుండా ఇచ్చేస్తాను" అన్నారు. మా వారు "అలాగే అన్నా, చూస్తాం" అనేశారు. నేను పక్కనే పెసరట్టు తిరగేస్తూ వింటున్నాను. డిపాజిట్ మన డబ్బే కదండీ! మన డబ్బు మనకిస్తాననడం కూడా ఒక ఆఫరేనా?

ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ ఏంటంటే, ఓనర్ అమ్మేస్తే మనం వెళ్ళిపోవాల్సిందే అని. అది కాదు. గడువున్న లీజు అమ్మకంతో రద్దవదు. కొన్నవాళ్ళు లీజుతో సహా కొంటారు, మనం అద్దె వాళ్ళకి కడతాం. అమ్మితే లీజు ముగుస్తుందని అగ్రిమెంట్‌లోనే షరతు ఉంటే మాత్రం లెక్క వేరు. అందుకే ఆ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి లీజంతా ప్రింట్ తీసి చదివాం. ఆ షరతు లేదు. కానీ ఇంకో పేరా ఉంది. కాలిఫోర్నియాలో 2020 నుంచి అమల్లో ఉన్న అద్దెదారుల రక్షణ చట్టం, ఏబీ 1482, అంటే సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకుండా కాపాడేది, ఈ ఇంటికి వర్తించదని. కంపెనీల పేరు మీద కాకుండా వ్యక్తుల పేరు మీద ఉన్న ఇలాంటి ఇళ్ళకి, ఓనర్ ఆ సంగతి రాతపూర్వకంగా చెబితే, ఆ మినహాయింపు దొరుకుతుంది. అంటే ఆగస్టు దాటాక మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మా బలమంతా మార్చి నుంచి ఆగస్టు దాకా ఉన్న ఆ ఆర్నెల్లే. అదీ నెల గడిచేకొద్దీ తగ్గిపోయేదే.

మరి ఆయనకి తొందరేంటి? రెండున్నాయి. ఒకటి, సొంతంగా ఉండటానికని లోన్ తీసుకునేవాళ్ళు మామూలుగా క్లోజింగ్, అంటే కొనుగోలు పూర్తయిన 60 రోజుల్లోపు ఆ ఇంట్లో చేరాలి. ఆగస్టు దాకా మేం అందులో ఉంటే మార్చిలో వాళ్ళెవరూ కొనలేరు. ఇన్వెస్టర్లే మిగులుతారు, వాళ్ళు వచ్చే అద్దె చూసి రేటు కడతారు. రెండోది ఆయనే నోరు జారి చెప్పారు. "జూన్ లోపు క్లోజ్ అవ్వాలి తమ్ముడూ, మూడేళ్ళు దాటితే ట్యాక్స్ పడుతుంది" అని. సొంతిల్లు అమ్మినప్పుడు భార్యాభర్తలిద్దరికీ కలిపి 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. కానీ అమ్మే నాటికి వెనక్కి ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు వాళ్ళు ఆ ఇంట్లో ఉండి ఉండాలి. వాళ్ళు డాలస్ వెళ్ళి జూన్‌కి మూడేళ్ళు. మా శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఇంటి మీద లాభం ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. పన్ను ఎగ్గొట్టడం కాదులెండి, చట్టం ఇచ్చిన వెసులుబాటే. కానీ దాన్ని అందుకోవాలంటే మా తాళం చెవులు కావాలి.

ఇంట్లో గొడవ ఓనర్‌తో కాదు, మా వారితోనే. "మనవాళ్ళ దగ్గర డబ్బులు అడుగుతామా, ఏమనుకుంటారు?" అని ఆయన మొహమాటం. నేను ఎక్సెల్ తెరిచి లెక్క చూపించాను. పాత అద్దె 3,900. అదే స్కూల్ జోన్‌లో దొరుకుతున్నవి 4,300. నెలకి 400 తేడా, ఆరు నెలలకి 2,400. మూవర్స్ 1,600. రెండిళ్ళకీ అద్దె కట్టాల్సిన సగం నెల 2,150. క్లీనింగ్, ఇంటర్నెట్, కర్టెన్లు కలిపి ఓ 500. మొత్తం 6,650 డాలర్లు, మన జేబులోంచి, ఆయన ఇల్లు మంచి రేటుకి అమ్ముడుపోవడానికి. అది చూశాక మా వారు "సరే, నువ్వే మాట్లాడు" అన్నారు. ఎప్పుడూ ఇంతే!

నేను మాట్లాడాను. "అన్నయ్య గారూ, మేం ఇబ్బంది పెట్టం. ఆగస్టు దాకా ఉండమన్నా ఉంటాం, మీకు ముందే కావాలంటే ఖాళీ చేస్తాం. కానీ మాకయ్యే ఖర్చు ఇదీ" అని ఆ షీట్ పంపి మూడు నెలల అద్దె, 11,700 అడిగాను. కాసేపు మౌనం. "అమ్మా, మనలో మనకి ఈ లెక్కలేంటి?" అన్నారు. ఇక్కడే చాలామంది తగ్గిపోతారు. నేను ఏమీ అనలేదు, ఏజెంట్‌తో మాట్లాడి చెప్పండి అన్నాను. నెల అద్దె ఇస్తానని ఆయన, కుదరదని మేం. చివరికి రెండు నెలల అద్దె 7,800, దాంతోపాటు ఫిబ్రవరిలో సగం అద్దె 1,950 మాఫీ. కొత్త ఓనర్‌కి చూపించుకోవడానికి మంచి రిఫరెన్స్ లెటర్ కూడా. అది రూపాయి ఖర్చులేని పని, కానీ ఇల్లు వెతికేటప్పుడు నిజంగా పనికొచ్చింది.

ఈలోపు ఏజెంట్ ఫొటోలకి వచ్చారు. క్లోజెట్‌లో మా పూజామందిరం చూసి "ఇది కాస్త తీసేస్తారా?" అంటే మా అత్తగారికి కోపం వచ్చేసింది. ఫొటో ఒక్కటి తీసుకునేదాకా తలుపు వేస్తామని సర్దిచెప్పాం. జనం చూడ్డానికి వచ్చే రోజు వంట చేయొద్దన్నారు, ముఖ్యంగా పోపు! ఎవరో ఒకావిడ ప్యాంట్రీ తెరిచి మా ఆవకాయ జాడీ మూత ఎత్తి వాసన చూసిందట. మూత సరిగ్గా పెట్టలేదు కూడా. ఓనర్ తరఫున ఎవరైనా ఇంట్లోకి రావాలంటే రాతపూర్వకంగా 24 గంటల ముందు నోటీసివ్వడం ఇక్కడ మామూలు నియమం. ఇల్లు అమ్మకంలో ఉందని ముందే రాసిస్తే తర్వాత 120 రోజుల దాకా నోటిమాటగా చెప్పినా చాలు. అందుకే మేం అగ్రిమెంట్‌లోనే రాయించుకున్నాం, శనివారం పది నుంచి ఒంటిగంట వరకే, ఇంకే రోజూ కాదని.

అగ్రిమెంట్ అంటే వాట్సాప్ మెసేజ్ కాదండోయ్. మాది రెండు పేజీలు. ఏ తేదీకి ఖాళీ చేస్తాం, లీజు పెనాల్టీ లేకుండా ముగిసినట్టే, సగం డబ్బు సంతకాల రోజు, మిగతా సగం తాళాలిచ్చే రోజు క్యాషియర్స్ చెక్‌గా, అంటే బ్యాంకే పూచీ ఉండి ఇచ్చే చెక్కు. ఇల్లు అమ్ముడుపోయినా పోకపోయినా మా డబ్బు మాకు ఇవ్వాల్సిందే, ఈ లైను తప్పకుండా పెట్టించండి. డిపాజిట్ వేరే, ఈ 7,800లో కలపకూడదు. ఆయన ఏజెంట్ పంపిన మొదటి డ్రాఫ్ట్‌లో "డిపాజిట్‌తో కలిపి" అని ఉంది. పొరపాటో, కావాలనో, నేను ఎర్ర రంగు పెట్టి వెనక్కి పంపాను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె నియంత్రణ కిందకి వచ్చే ఇళ్ళకైతే 2015 నుంచి ప్రత్యేక నియమాలున్నాయి. బేరం మొదలుపెట్టకముందే ఓనర్ ఒక ఫారం ఇవ్వాలి, సంతకం పెట్టాక కూడా 45 రోజుల్లోపు అద్దెదారు మనసు మార్చుకోవచ్చు. ఊరుని బట్టి మారిపోతుంది కాబట్టి, మీ సిటీ రెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. నేను లాయర్ని కాదు, మా ఇంట్లో జరిగింది చెప్తున్నానంతే. ఇంకోటి, ఈ డబ్బు గిఫ్ట్ కాదు, ట్యాక్స్ ఫైలింగ్‌లో చూపించాలి. మీ సీపీఏకి, అంటే ట్యాక్స్ చూసే అకౌంటెంట్‌కి, అగ్రిమెంట్ కాపీ ఇచ్చేయండి.

తాళాలిచ్చే రోజు ఏజెంట్‌తో కలిసి గదిగదీ వీడియో తీశాం. స్టవ్ వెనక పసుపు మరక ఒక్కటి ఎంత రుద్దినా పోలేదు, అదీ వీడియోలో ఉంది. చెక్కు చేతికొచ్చాకే తాళాలు ఇచ్చాం. డిపాజిట్ ఇంకా రావాలి, దానికి వాళ్ళకి 21 రోజుల గడువుంది. ఏమైనా కోస్తే దేనికి ఎంతో రాసి పంపాలి. ఆ పసుపు మరకకి ఎంత కట్టారో వచ్చాక చెప్తాను. ఓనర్ గారు మొన్న ఫోన్ చేసి కొత్తింట్లో పాలు పొంగించారా అని అడిగారు, అందరం బాగానే ఉన్నాం. వచ్చే వీడియో కొత్త కిచెన్ టూర్, గ్రైండర్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. ఉంటానండీ, బై.