బడికి కెమెరా కొనే ముందు (ఫోటోగ్రఫీ డే నాడు మా హైస్కూల్లో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండి. హెడ్మాస్టరు గారికీ, అప్పట్లో మాకు లెక్కలు చెప్పి ఇప్పుడు ముందు వరసలో కూర్చుని నన్ను అదే చూపు చూస్తున్న మాస్టారికీ, బ్యాచ్ మిత్రులకీ, వాళ్ల ఆడవాళ్లకీ, ఈ రేకుల షెడ్డు కింద చెమటలు కక్కుతూ కూర్చున్న పిల్లలకీ, ఇంకా ఎవర్నన్నా వదిలేస్తే వాళ్లకీ. ఫోటోగ్రఫీ గొప్పదనం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ గవర్నమెంటు, డాగెర్ అనే ఆయన కనిపెట్టిన ఫోటో పద్ధతిని ఇది లోకం అందరిదీ అని ప్రకటించీసింది, అందుకే ఇవాళ పండగ. గొప్పదనం అయిపోయింది. ఇప్పుడు నేను మాట్లాడాలనుకున్నది మాట్లాడతాను.

మన బ్యాచ్ చందాలేసుకుని బడికి చిన్న కెమెరా ఒకటి ఇద్దామనుకుంది, పదివేల లోపు. దసరా వెళ్లిన మొదటి మంగళవారం మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను కదా, పొడవాటి మాను చివర పూజారి గారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు, ఆ సంబరం పిల్లలే ఫోటోలు తీసి, అట్టల మీద అంటించి, కింద వాళ్లే రాతలు రాసి వరండాలో పెట్టాలని డ్రాయింగు మాస్టారి ప్లాను. మంచి ప్లాను. వాట్సాప్ గ్రూపులో రెండు బొమ్మలు పెట్టారు, సోనీ డబ్ల్యూ830 ఒకటి, క్యానన్ ఇక్సస్ 185 ఒకటి, కింద "ఏది?" అని. ఇంక చూడండి, ఎర్రది బాగుంది, ఎర్రది ముద్దుగా ఉంది, మా పాపకి ఎర్రదే నచ్చింది. ఒక్కడంటే ఒక్కడు దాని లోపల ఏటుందని అడగలేదు.

సరే గ్రూపులో అలాగే ఉంటాది, షాపులో అడుగుదాం అని నేనూ హెడ్మాస్టరు గారూ వెళ్లాం. షాపు పేరెందుకు లెండి, ఊళ్లోదే. కౌంటర్లో కుర్రోడు రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి, "రెండూ 20 మెగాపిక్సెలే సార్, రెండూ 8 ఎక్స్ జూమే, రెండూ ఒకటే, మీరు రంగు చూసుకోండి" అన్నాడు. మెగాపిక్సెల్ అంటే ఫోటోలో పది లక్షల చుక్కలు, 8 ఎక్స్ అంటే దూరంగా ఉన్నదాన్ని ఎనిమిది రెట్లు దగ్గరికి లాగడం. బాబూ ఒకసారి చేతికియ్యి అన్నాను. సీలు విప్పితే కొనీయాలి సార్ అన్నాడు. పోనీ అద్దాల బీరువాలో ఉన్నది తియ్యి అన్నాను. దాన్లో బ్యాటరీ లేదు సార్ అన్నాడు. కెమెరాలమ్మే షాపులో, చూపించడానికి పెట్టిన కెమెరాకి, బ్యాటరీ లేదు! చీర కొనడానికెళ్తే పది చీరలు మడతలిప్పి పరుస్తారు, కెమెరాకొచ్చేసరికి అట్టపెట్టె మీద బొమ్మ చూసి డబ్బులు కట్టాలి. ఈ మాట మళ్లీ చెప్తాను, నన్ను ఆపకండి, మొన్నట్నించి కడుపులో ఉండిపోయింది.

నేను ఫోటోగ్రాఫర్ని కాను. కలర్ ల్యాబులో ప్రింటింగు మెషీను మీద పనిచేసినోడిని, రీళ్ల కాలం నుంచీ. ఫోటోగ్రాఫర్లు వాళ్ల మంచి ఫోటోలే జనానికి చూపిస్తారు, ఊరందరి చెత్త ఫోటోలూ చూసేది మాత్రం ల్యాబువోళ్లమే. అన్నప్రాసనలు, గృహప్రవేశాలు, తీర్థాలు, రామతీర్థం ట్రిప్పులు, అన్నీ నా స్క్రీను మీదుగా వెళ్లినవే. అవి చూసి చూసి నాకు అర్థమైంది ఏటంటే, మెగాపిక్సెల్ తక్కువై పాడైన ఫోటో నా దగ్గరికి దాదాపు రాలేదు. పాడైనవన్నీ షేకయినవి. లేకపోతే చీకట్లో తీసినవి, ఫ్లాష్ అందనివి. అంతే.

ఒకాయన వచ్చాడు ల్యాబుకి. సిరిమాను ముందు బెస్తవారి వల వెళ్తాది కదా, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వీటితో పాటు. అమ్మవారిని పెద్దచెరువులోంచి పైకి తెచ్చినప్పుడు వల పట్టినోళ్లని వాళ్లకి ఆ గౌరవం అంటారు. ఆయన ఆ వల పట్టుకుని నడిచేవాళ్లలో ఒకడు. మేనల్లుడు ఎక్కడో మేడ మీద నుంచి పూర్తి జూమ్ పెట్టి తీశాడట, మెమరీ కార్డు తెచ్చి, 12 ఇంటూ 18 అంగుళాల సైజులో కడిగించి ఫ్రేము కట్టించమన్నాడు, ఇంట్లో గోడకి. చిన్న స్క్రీను మీద చూస్తే అద్భుతంగా ఉంది. నా మోనిటర్లో పెద్దది చేశాను. వల దారం ప్రతి ఒక్కటీ రెండు గీతలు. ప్రతి ముడీ జంట. ఆయన మీసం రెండు వరసలు, ఒకదాని కింద ఒకటి. నాకు నవ్వొస్తోంది, నవ్వితే బాధపడతాడు. షేకయింది బాబూ, ఇంత పెద్దది చేస్తే బాగోదు, చిన్నది, మాక్సీ సైజులో అయితే సర్దుకుంటాది అన్నాను. ఆయన నా వైపు చూసి, "20 అన్నారు కదండీ, ఆ 20 మెగాపిక్సెల్లూ ఎటుపోనాయి మరి?" అన్నాడు.

దానికి నేను చెప్పిన సమాధానమే ఇవాళ మీకూ చెప్తున్నాను. ఎటూ పోలేదు బాబూ, అన్నీ అక్కడే ఉన్నాయి, అన్నీ కదిలిపోయి ఉన్నాయి అని.

లెక్క చూడండి, మాస్టారు ముందున్నారు కాబట్టి తప్పుండదు. మాక్సీ అంటే 4 అంగుళాలు బై 6. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు. అంటే 1200 ఇంటూ 1800, 21 లక్షల 60 వేలు. మనం కొనబోయే రెండు కెమెరాలూ ఇచ్చేది రెండు కోట్ల చుక్కలు. గోడకి అంటించడానికి పిల్లలకి కావలసింది మాక్సీ, మహా అయితే 8 ఇంటూ 12. అంత మిగులు పెట్టుకుని మనం ఆ నంబరు చూసే కొంటున్నాం. పైగా ఆ రెండు కోట్లూ కూర్చునే సెన్సారు, అంటే లోపల వెలుగు పట్టే ముక్క, ఎంతనుకున్నారు, అటు 6 మిల్లీమీటర్లు, ఇటు నాలుగున్నర, చిటికెనవేలి గోరంత లేదు. రెండిట్లోనూ అదే సైజు, రెండిట్లోనూ సీసీడీ అనే ఒకే రకం సెన్సారే. కాబట్టి మెగాపిక్సెల్ గొడవ ఇక్కడితో వదిలీయండి.

మరి ఆ కుర్రోడు చెప్పింది నిజమేనా, రెండూ ఒకటేనా? కాదు. అదే నా గొడవ. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్నవి ఒకటే. చిన్న అక్షరాల్లో ఉన్నది వేరు. సోనీ పెట్టె మీద ఆప్టికల్ స్టెడీషాట్ అని ఉంటాది, అంటే మన చెయ్యి ఇటు కదిలితే లోపల లెన్సులో ఒక ముక్క దానికి ఎదురు కదిలి బొమ్మని నిలబెడతాది. ఇక్సస్ 185లో అది లేదు. దాన్లో ఉన్నది డిజిటల్ స్టెబిలైజరు, లెన్సులో ఏదీ కదలదు, తీసింతర్వాత లెక్కలతో సర్దుకోవడమే. షాపులో రెండిటినీ స్టెబిలైజరనే అంటారు, కొనేవాడికి ఒకేలా వినిపిస్తాది. ఇంకో తమాషా, సోనీ 2014లో వచ్చిన మోడలు, క్యానన్ 2017లో వచ్చింది. కొత్తది కాబట్టి మంచిది అనుకుంటారా? అక్కడే బోర్లా పడతాం. క్యానన్‌లోనే ఇక్సస్ 190 అని ఉన్నాది, దానికి ఆప్టికల్ ఉంది, 10 ఎక్స్ ఉంది, వైఫై కూడా ఉంది, కానీ చందా పెంచాలి. పెంచుతారా? చేతులెత్తండి. ...చూశారా. సరే ముందుకెళ్దాం.

ఈ ఆప్టికల్ ఎందుకంత పట్టుకున్నానంటే, సిరిమాను కాబట్టి. పోలీసులు కట్టిన కర్రల ఇవతల నిలబడాలి పిల్లలు, లేకపోతే ఎవరింటి డాబా మీదో. అక్కణ్నుంచి మాను చివర పూజారి గారు కనబడాలంటే జూమ్ పూర్తిగా లాగాలి. సోనీ 200 ఎంఎం దాకా వెళ్తాది, క్యానన్ 224. ఎంఎం అంటే లెన్సు చూపు లెక్క, అంకె పెరిగితే దూరంది దగ్గరికొస్తాది, తగ్గితే ఎక్కువ వెడల్పు పడుద్ది. పాత లెక్క ఒకటుంది, 200 ఎంఎం దగ్గర చేత్తో పట్టుకుని తియ్యాలంటే షట్టరు, అంటే వెలుగు లోపలికొచ్చే తలుపు, సెకనులో 200వ వంతుకి మించి తెరిచుండకూడదని. మధ్యాహ్నం ఎండలో పర్వాలేదు. కానీ సిరిమాను బయల్దేరేదే మధ్యాహ్నం దాటాక, కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరగాలి, మూడోసారికి పొద్దు వాలిపోద్ది. ఆ వేళ పూర్తి జూమ్‌లో లెన్సు తెరిచే కన్ను చూస్తే సోనీది 6.3, క్యానన్‌ది 6.9, ఈ అంకె పెరిగేకొద్దీ కన్ను ఇరుకు, రెండూ ఇరుకే, క్యానన్‌ది ఇంకాస్త ఇరుకు. వెలుగు చాలక షట్టరు 30వ వంతుకి జారిపోద్ది. అప్పుడు చేతిలో పట్టు కావాలి, ఆ పట్టు ఇచ్చేది ఆప్టికలే.

ఒరేయ్ వెనకాల కుర్రాళ్లూ, ఇది మీకే. స్టెబిలైజరు మీ చేతి వణుకే ఆపుతాది, ఊగుతున్న మానుని ఆపదు, పూజారి గార్నీ ఆపదు. కోట దగ్గర మాను నిలబడే క్షణం చూసుకుని నొక్కాలి. ఇంకోటి, ఫ్లాష్. ఈ చిన్న కెమెరాల ఫ్లాష్ మూడు మీటర్లు దాటితే ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఏటేటా చూస్తాను, అంత ఎత్తున ఉన్న పూజారి గారికి కింద నుంచి ఫ్లాషులు కొడుతుంటారు, ఆ వెలుగంతా ముందున్న ఆయన బట్టతల మీద పడుతుంది. ల్యాబులో ఎన్ని బట్టతలలు ప్రింటు చేశానో నాకే తెలీదు.

క్యానన్‌ని తిట్టడానికి రాలేదు నేను. దానికి ఛార్జరు విడిగా వస్తాది, బ్యాటరీ తీసి గోడకి పెట్టుకోవచ్చు, స్పేరు బ్యాటరీ ఒకటి కొంటే ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి వాడుకోవచ్చు. సోనీలో అయితే బ్యాటరీ కెమెరాలో ఉంచే ఎక్కించాలి, ఆ సేపు కెమెరాని వదిలీయాలి. బడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. రెండూ ఒక ఛార్జింగుకి సుమారు 210 ఫోటోలు అని కంపెనీ లెక్క, సంబరం రోజు పిల్లల చేతిలో అది ఎంతసేపు ఆగుతాదో మీకు తెలుసు. వీడియో రెండిట్లోనూ 720 గీతల నాణ్యత వరకే. తెర రెండిట్లోనూ 2.7 అంగుళాలే, ఎండలో ఏమీ కనబడదు, కన్ను పెట్టి చూసే కిటికీ రెండిటికీ లేదు. ఇవన్నీ సమానమే.

సమానం కానిది ఇంకోటుంది, ఎవరూ పట్టించుకోరు దాన్ని. సోనీ 25 ఎంఎం దగ్గర మొదలవుతాది, క్యానన్ 28 దగ్గర. 3 ఎంఎం తేడాయే కదా అనుకుంటారు. మన వరండా తెలుసు కదా, వెనక్కి రెండడుగులు వేస్తే మెట్ల మీంచి పడతాం. అక్కడ క్లాసు ఫోటో తియ్యాలంటే 28లో ఆ చివరోడు సగం తెగిపోతాడు, 25లో పడతాడు. అటువైపు 200కీ 224కీ తేడా ఉందా అంటే ఉన్నాది, ఫోటో అంచులు కాస్త కత్తిరించి కడిగిస్తే సరిపోద్ది. వెనక్కెళ్లడానికి చోటుండదండి, అదీ తిరకాసు.

ఎవరో అంటున్నారు, ఫోనుంది కదా, కెమెరా ఎందుకూ అని. అమ్మా, మీ ప్రశ్న మంచిదే. బడికి ఫోను తేకూడదని రూలు పెట్టింది మనమే. పైగా మామూలు ఫోనులో జూమ్ అంటే బొమ్మని కత్తిరించి పెద్దది చెయ్యడమే, లెన్సు కదలదు. డాబా మీద నుంచి ఫోనుతో సిరిమాను తియ్యండి, మాను కనబడుద్ది, మనిషి కనబడడు.

మళ్లీ షాపు దగ్గరికొస్తాను, చెప్పాను కదా ఆపొద్దని. హెడ్మాస్టరు గారు మొహమాటపడుతున్నారు, వదిలీండి, పెద్ద షాపు, ఎందుకు గొడవ అంటున్నారు. ఎందుకు వదలాలి? ఆ పదివేలలో ఆటో నడిపే మన సుబ్బడి డబ్బులున్నాయి, నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసినోడి డబ్బులున్నాయి. డబ్బు కట్టేవాడికి వస్తువు చూసే హక్కుండదా? సీలు విప్పనన్న షాపులో కొనొద్దు. వేరే షాపుంది, లేదంటే విశాఖపట్నం గంటన్నర. షాపులో బ్యాటరీ పెట్టించండి, మన మెమరీ కార్డు మనమే తీసుకెళ్దాం. గుమ్మంలో నిలబడి రోడ్డుకి అవతలున్న బోర్డు మీద ఫోన్ నంబరు చూసి పూర్తి జూమ్ లాగండి. బటను సగం నొక్కి పట్టుకోండి, పచ్చ గడి వచ్చేదాకా ఆగండి, అప్పుడు పూర్తిగా నొక్కండి. ఒకటి కాదు, నాలుగైదు తియ్యండి, ఒక్కటి బాగుంటే అది అదృష్టం కావచ్చు. తర్వాత అదే ఫోటో తెర మీద పెద్దది చేసి ఆ అంకెలు చదవండి. ఎనిమిది మూడులా కనబడిందా, ఆ కెమెరా పెట్టెలో పెట్టీమనండి. లోపల ట్యూబులైటు కింద ఒకళ్ల ముఖం కూడా తియ్యండి, మనుషుల ముఖాల రంగు క్యానన్‌లో నాకు నచ్చుతాది, ఆ మాట దాచను. అయినా బడికి సిరిమాను ముఖ్యం కాబట్టి నా ఓటు సోనీకే, నల్లదైనా సరే, ఎర్రది దొరక్కపోయినా సరే.

శనివారం సాయంత్రం నేను వెళ్తున్నాను. కమిటీలోంచి ఇద్దరు రావాలి, ఒకళ్లు గట్టిగా మాట్లాడేవాళ్లు అయ్యుండాలి, నా గొంతు ఇప్పటికే పోయింది. బిల్లు బడి పేరు మీద రాయించాలి, వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తారీఖు వేయించాలి, ఆ కార్డు హెడ్మాస్టరు గారి బీరువాలో ఉండాలి గానీ మా ఇళ్లల్లో కాదు. చందా ఇంకా ఇవ్వనివాళ్లు ముగ్గురున్నారు, పేర్లు చదవను, ఈ వరసలోనే ఉన్నారు. మైకు మాస్టారికిస్తున్నాను, లెక్కలో తప్పుంటే చెప్తారు.