ఆ పిల్ల కంచం వేరే పెట్టారు

(మహారాష్ట్రలోని సిరొంచ ఆరోగ్య శిబిరంలో చేసిన ప్రసంగం)

అక్కలకు, అన్నలకు, అంకీసా, అసరెల్లి వైపు నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం.

ఈ తాలూకాలో చాలా ఏళ్లు రక్తపరీక్షలు చేసినదాన్ని. జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పమంటే నాకు ముందు ఒక కంచం గుర్తొస్తుంది. ఒక హాస్టల్లో పదమూడేళ్ల పిల్లకు ఒళ్లంతా కీళ్లనొప్పులు, కళ్లు పచ్చగా అయినయి. అంటుకుంటుందేమోనని ఆ పిల్ల స్టీలు కంచం, గ్లాసు విడిగా గూట్లో పెట్టించారు. కంచం అంచున మేకుతో గీసుకున్న పేరు నాకిప్పటికీ కళ్లలో ఉంది. పక్క మంచంలో ఇంకో పిల్ల చలిజ్వరంతో వణుకుతోంది. ఆమెకు దోమతెర కూడా కట్టలేదు.

మొదటి పిల్లది సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. అది ఎవరికీ అంటదు. రెండో పిల్లది మలేరియా. ఆ గదిలో ఒకరి నుంచి ఇంకొకరికి పోయేది అదే, అదీ దోమ ద్వారా. భయపడాల్సిన చోట భయపడలేదు, అక్కర్లేని చోట ఒక పిల్ల మనసు విరిచేశారు.

అంటువ్యాధి రావాలంటే బయటి నుంచి ఒక క్రిమి ఒంట్లోకి రావాలి. బాక్టీరియా కావచ్చు, వైరస్ కావచ్చు, మలేరియాలోలా పరాన్నజీవి కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో దారి. కలరా, టైఫాయిడ్ నీళ్లతో, తిండితో వస్తాయి. టీబీ దగ్గుతో గాలిలో కలిసి వస్తుంది. టీబీ ఉన్న మామ కంచం వేరుపెట్టి, గది కిటికీ మూసేస్తే ఏం లాభం? కంచం కలిపినా ఏం కాదు, కిటికీ తెరవండి, మందు ఆపకుండా వేయించండి.

మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. 1897 ఆగస్టు 20న, మనం పెద్ద దవాఖానకు పోయే హైదరాబాద్ పక్కనే, సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. ఆ దోమ ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది, అందుకే దోమతెర. ఇంకో మాట. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని మళ్లీ లేస్తుంది. 14 రోజుల మాత్రలు అందుకే ఇస్తారు. మూడో రోజుకు జ్వరం తగ్గిందని మిగిలినవి అటక మీద పడేయకండి.

ఇక సికిల్. ఇందులో బయటి క్రిమి లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపం ఉన్న జన్యువులే వస్తే ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. మామూలు కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజులే. వంగిన కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ నొప్పి అదే. నీళ్లు తక్కువ తాగినా, చలి తగిలినా పెరుగుతుంది. ఒక్కటే లోపపు జన్యువు ఉన్నవాళ్లకు సాధారణంగా ఏ బాధా ఉండదు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ. మలేరియా తరతరాలుగా ఉన్న మన అడవుల్లో ఈ జన్యువు నిలిచిపోయింది అందుకే. కానీ రెండూ ఉన్న పిల్లకు మలేరియా వస్తే చాలా ప్రమాదం. ఆ హాస్టల్లో దోమతెర ముందుగా కావాల్సింది ఆ కంచం పిల్లకే.

బీపీ, షుగర్ కూడా అంటవు, అవి మీకు తెలిసినవే. ఖర్రా గురించి మాత్రం చెప్పాలి. పాలిథిన్ కవరులో సుపారీ అంటే వక్క, తమాకు అంటే పొగాకు, సున్నం వేసి అరచేతుల మధ్య రుద్దుతారు, నలుగురూ పంచుకుంటారు. సుపారీ వల్ల నోరు బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టని మగపిల్లల్ని నేను చూశాను. నోటి క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి రాదు, ఆ పొట్లం మాత్రం అన్న చేతి నుంచే తమ్ముడికి వస్తుంది.

తల్లీతండ్రీ ఇద్దరికీ ఒక్కో లోపపు జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు సికిల్ జబ్బుకు అవకాశం. పెళ్లిచూపులకు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. వెనక నీలం టెంటులో ఆశా కార్యకర్త తాయి కూర్చుంది. సికిల్ పరీక్షకు వేలి కొన నుంచి రెండు చుక్కల రక్తం చాలు. పెళ్లికాని పిల్లలు ముందు వెళ్లండి.