వస్తువు పక్కనే దాని నేల: జిల్లా మ్యూజియంలో ప్రదర్శన పెట్టేవాళ్ల కోసం

సభకు నమస్కారం.

నెల్లూరులోనో ఒంగోలులోనో మన ప్రాంత కళల మీద ప్రదర్శన అనగానే అందరం ముందు వస్తువుల జాబితా రాస్తాం. తోలుబొమ్మలు, వెంకటగిరి చీర, ఉదయగిరి చెక్క గరిటెలు, మార్కాపురం పలక, చీమకుర్తి రాయి. (2022లో వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ, ఆ చీర లేకుండా నెల్లూరు ప్రదర్శన ఊహించలేం.) ఇవి ఏ మట్టి నుంచి, ఏ చెట్టు నుంచి, ఎవరి చేతి మీదుగా వచ్చాయో పక్కన కనిపించకపోతే చూసేవాళ్లకు అది హస్తకళల దుకాణంలాగే ఉంటుంది. అందుకని నేలను కూడా హాల్లోకి తేవాలి. నేలతో పాటు చెమ్మ, పురుగు కూడా వస్తాయి. అసలు చిక్కు అక్కడే.

మట్టితో మొదలుపెడదాం. రేగడి, ఎర్రనేల, తీరం ఇసుక రెండేసి కిలోలు చాలు. రేగడి పైకి పొడిగా కనిపించినా గడ్డ లోపల తడి ఉంటుంది. చితక్కొట్టి, వేళ్లూ ఆకులూ ఏరేసి, నీడలో పలచగా పరిచి బాగా ఆరనివ్వాలి. తొందరపడి జాడీకి మూత బిగిస్తే గాజు లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. ఏ ఊరి మట్టి, ఎంత లోతున తవ్వారు, ఏ తేదీన తెచ్చారు అన్నవి జాడీ మీదే రాయాలి. ఆ జాడీని బొమ్మలున్న అద్దాల పెట్టెలో మాత్రం పెట్టవద్దు. పక్కన వేరే బల్ల వేయండి.

ఉదయగిరి గరిటెల పక్కన అవి చెక్కే నర్ది, బిక్కి చెట్ల కొమ్మలు పెడితే ఎంతో బాగుంటుంది. గరిటె కంటే ఆ కొమ్మతోనే ప్రమాదం, బెరడు కింద పురుగు ఉంటుంది. తేగానే నల్ల కాగితం మీద పెట్టి, పాలిథిన్‌లో మూసి, మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. కాగితం మీద పిండి రాలితే పురుగు బతికే ఉన్నట్టు. అప్పుడు ఆ కవరుతోనే మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టాలి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, విప్పితే చెక్క మీద నీరు పడుతుంది. రంగు వేసిన వస్తువులకు ఈ పద్ధతి వద్దు.

తోలుబొమ్మ దగ్గర అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. వెనక దీపం లేకపోతే ఆ బొమ్మ అందం సగం కూడా కనిపించదు, నగల కోసం ఉలితో కొట్టిన చిల్లులు వెలుగులోనే మెరుస్తాయి. అదే వెలుగు రంగును తినేస్తుంది. బొమ్మ మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే లెక్క) దాటనివ్వకండి, లక్స్ మీటరుతోనే కొలవండి. పాత బల్బులు వద్దు, ఆ వేడికి తోలు బిగిసి అంచులు ముడుచుకుంటాయి. ఎల్ఈడీ పెట్టి, మధ్యలో తెల్ల గుడ్డ కట్టి, మీట నొక్కితే అర నిమిషం వెలిగి ఆరిపోయేలా చేయండి. చూసేవాళ్లకు ఆట గుర్తొస్తుంది, బొమ్మకు ఆయుష్షు మిగులుతుంది. ప్రదర్శన ఎక్కువ కాలం సాగితే మూడు నెలలకోసారి బొమ్మలు మార్చాలి. ఏ బొమ్మ పక్కన ఏది పెట్టకూడదో బొమ్మలాట కుటుంబాలనే అడగాలి, అది మనం తేల్చే విషయం కాదు.

గాలిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం అసలు ఏసీ లేకపోవడం కంటే చెడ్డది. తేమ పెరిగి తగ్గినప్పుడల్లా తోలు సాగి ముడుచుకుంటుంది, రంగు పెచ్చులూడుతుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించడం మేలు.

చీరను క్లిప్పులకు వేలాడదీయకండి. నాలుగంగుళాల గొట్టానికి గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డ చుట్టి, దాని మీద చీర చుట్టి, పమిట ఒక్కటే పరిచి చూపించాలి. మడత దగ్గర జరీ విరుగుతుంది. కింద రబ్బరు షీటు వేస్తే అందులోని గంధకానికి జరీ నల్లబడుతుంది.

మార్కాపురం పలకను చేత్తో తాకనివ్వండి, చూపు లేనివాళ్లకూ ప్రదర్శనలో చోటు దొరుకుతుంది. చీమకుర్తి గ్రానైట్ రాయి అయితే రెండడుగుల చదరపు ముక్క, రెండంగుళాల మందంలో 50 కిలోలు దాటుతుంది. గోడకు వేలాడదీయకుండా తక్కువ ఎత్తు దిమ్మె మీద ఆనించి, వెలుగు ఏటవాలుగా పడనివ్వండి. అందులోని మెరుపు చుక్కలు కోణాన్ని బట్టే కనిపిస్తాయి.

లేబుల్ తెలుగులోనే ముందు. 60 మాటలు దాటితే నిలబడి చదవరు. అక్షరం 24 పాయింట్లకు తగ్గకూడదు, వరసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం ఉండాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. చేసినవారు ఒప్పుకుంటే వారి పేరు, ఊరు తప్పకుండా రాయాలి. రాజుల కాలం శాసనంలో దాత పేరు చదివి మురిసిపోతాం, ఇవాళ గరిటె చెక్కినవారి పేరు వదిలేయడం న్యాయం కాదు.

ఫొటోల మాట చెప్పాలి. దొనకొండ దగ్గరి చందవరం బౌద్ధ స్థలం నుంచి దొంగిలించిన శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో కొన్నది. ఆ శిల్పం అంతకుముందు ఇక్కడే ఉందని పాత ఫొటో నిరూపించింది, 2016లో తిరిగి ఇచ్చారు. కాబట్టి అరువు తెచ్చిన ప్రతి వస్తువుకూ ముందు, వెనక, పక్కలు, ఉన్న చిరుగులన్నీ స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఒక ప్రతి మ్యూజియంలో, ఒక ప్రతి ఇచ్చినవారి చేతిలో ఉండాలి. తిరిగి ఇచ్చేరోజు ఆ ఫొటోలు పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూసుకున్నాకే రసీదు మీద సంతకాలు పెట్టాలి.