బావతో కబుర్లు: రెజైనాలో 143 పాయింట్ల సీజన్

బామ్మర్ది: బావా, మనకి హాకీ అంటే గడ్డి మైదానం, ధ్యాన్‌చంద్. నీకు ఈ ఐస్ హాకీ పిచ్చి ఎక్కడ పట్టింది?

బావ: కెనడాలో, ఈ రెజైనాలో చలికాలం ఇంకేం చేస్తాంరా? బయట మైనస్ 30. పోనీ ఎక్కడికైనా వెళ్దామంటే, మళ్ళీ ఆ ఐస్ పక్కకే! (నవ్వు) మా ఊరి టీమ్ పేరు ప్యాట్స్. ఆడేది వెస్టర్న్ హాకీ లీగ్‌లో. అంతా 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు.

బామ్మర్ది: మన ఇంటర్, డిగ్రీ బ్యాచ్ అన్నమాట.

బావ: అంతే. కానీ ఒక్కో టీమ్‌కి సీజన్‌లో 68 మ్యాచ్‌లు, వీటికి తోడు చదువు. అమెరికాలో పోర్ట్‌లాండ్ దాకా టీమ్‌లున్నాయి, ప్రయాణాలన్నీ దాదాపు బస్సుల్లోనే.

బామ్మర్ది: ఆ స్టార్ ప్లేయర్ కానర్ బెడార్డ్ ఆడింది మీ టీమ్‌కే కదా?

బావ: ఆ! ఈ లీగ్‌లో 15 ఏళ్ళకే పూర్తి సీజన్ ఆడేందుకు స్పెషల్ పర్మిషన్ వచ్చింది మొదట వాడికే. 2022-23లో 57 మ్యాచ్‌లు, 71 గోల్స్, 72 అసిస్ట్‌లు. గోల్ కొట్టినా, కొట్టడానికి పాస్ ఇచ్చినా ఒక్కో పాయింట్. మొత్తం 143.

బామ్మర్ది: మరి మిగతా మ్యాచ్‌లు?

బావ: మధ్యలో కెనడా తరఫున వరల్డ్ జూనియర్స్‌కి, అంటే 20 ఏళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ పోటీకి వెళ్ళాడు. అక్కడ 7 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు కొట్టి గోల్డ్‌తో వచ్చాడు.

బామ్మర్ది: ఇంకేం, కప్పు మీదే!

బావ: ఎక్కడిది? సీజన్ చివర్లో కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్‌లోనే సాస్కటూన్ చేతిలో పోయాం. అదేమన్నా దూరమా, మన హైదరాబాద్ - విజయవాడ అంత. పక్కూరోళ్ళ చేతిలో ఓడితే మంట ఇంకా ఎక్కువ. నాలుగు గెలిచినోళ్ళదే సిరీస్, అది ఏడో మ్యాచ్ దాకా వెళ్ళింది. బెడార్డ్ ఆ ఏడింట్లోనే 20 పాయింట్లు చేశాడు. అయినా ఇంటికే! లీగ్ సియాటిల్ గెలిచింది. వీణ్ణి మాత్రం ఆ జూన్‌లో, పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ టీమ్‌లు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, చికాగో అందరికంటే ఫస్ట్ తీసుకుంది.

బామ్మర్ది: మిగతా కుర్రాళ్ళ సంగతి?

బావ: చాలామందికి ఎన్‌హెచ్‌ఎల్ అందదురా. ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తారు. ఊరుకాని ఊరొచ్చినవాళ్ళని స్థానిక కుటుంబాలు తమ ఇంట్లో పెట్టుకుంటాయి, బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. మా పక్కింట్లో ఓ ఏడాది అలాగే ఒకడు ఉండేవాడు. బస్సు దిగి తెల్లవారుజామున 4కి వచ్చేవాడు, భుజాన వాడంత బ్యాగు. మీ అక్క పులిహోర పంపితే డబ్బా కడిగి తెచ్చిచ్చేవాడు.

బామ్మర్ది: ఇప్పుడెక్కడున్నాడు?

బావ: 20 నిండాయి, జూనియర్ హాకీ అయిపోయింది. ఆఖరి మ్యాచ్ అయిన మర్నాడు గరాజ్‌లో స్కేట్లు తుడుస్తూ కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడు వేస్తాడో తెలీదు, అయినా పదును పెట్టించే తెచ్చుకున్నాడు. మీ అక్క ఆ రోజు కూడా పులిహోర పంపింది. ఆ డబ్బా మాత్రం మళ్ళీ రాలేదు.