చెప్పులు వేసుకుని తలుపు దగ్గర: లాక్‌డౌన్‌లో పసిపిల్లల మనసుకి ఏమైంది?

[తెర మీద: ఫ్లాట్ తలుపు దగ్గర ఒక జత చిన్న చెప్పులు. మాట మాత్రమే వినిపిస్తుంది.]

2020 ఏప్రిల్. హైదరాబాద్‌లో మా అక్కావాళ్ల ఫ్లాట్. వాళ్ల బాబుకి అప్పుడు మూడేళ్లు. సాయంత్రం ఐదయ్యేసరికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర కూర్చునేవాడు. కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి. "పార్కుకి పోదాం" అనేవాడు. "పార్కుకి తాళం వేశారు నాన్నా" అంటే, "తీయమని చెప్పు" అనేవాడు.

మొదటి వారం అడిగాడు. రెండో వారం ఏడ్చాడు. ఆ తర్వాత అడగడం మానేసి కొరకడం మొదలుపెట్టాడు. అమ్మ చెయ్యి, నాన్న భుజం, దిండు, ఏది దొరికితే అది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ వచ్చింది. అక్క స్నానానికి వెళ్తే బాత్‌రూమ్ తలుపు బాదుతూ బయటే కూర్చునేవాడు.

వీడియో కాల్‌లో చూసి నేనే అన్నాను, "గారాబం ఎక్కువైంది, మొండికేస్తున్నాడు, ఒకటి వేయి" అని. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

[తెర మీద: వ్యాఖ్యాత, కెమెరాకి ఎదురుగా]

నమస్తే. అప్పట్లో ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో అడిగి చూడండి, ఇలాంటిదే ఏదో ఒకటి చెబుతారు. పేచీ అన్నాం, మారాం అన్నాం, మొండితనం అన్నాం. కానీ ఆ వయసు పిల్లలకి "నాకు దిగులుగా ఉంది" అని చెప్పడానికి మాటలు ఇంకా రావు. అందుకని కడుపునొప్పి అంటారు. అన్నం ముద్ద ఉమ్మేస్తారు. చంక దిగరు. వచ్చిన పనులు మర్చిపోయి, ఇంకా చిన్నపిల్లలైపోతారు. నోటితో చెప్పలేనిది ఒంటితో చెబుతారన్నమాట.

[తెర మీద: క్యాలెండర్. తేదీలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

ఒకసారి తేదీలు గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ. సాయంత్రం బాల్కనీల్లో పళ్లాలు, గంటలు మోగించాం. పిల్లలకి అదొక పండగలా ఉండింది. 25 నుంచి 21 రోజుల లాక్‌డౌన్. అది మే 3కి, తర్వాత 17కి, తర్వాత 31కి పెరిగింది. జూన్‌లో పెద్దవాళ్లకి కొంచెం కొంచెంగా తలుపులు తెరుచుకున్నాయి. ఆఫీసులు, దుకాణాలు, గుళ్లు.

చిన్నపిల్లల చోట్లు మాత్రం అన్నిటికంటే చివర తెరిచారు. తెలంగాణలో చిన్న తరగతుల వాళ్లు మళ్లీ బడి మెట్లు ఎక్కింది 2021 సెప్టెంబరు 1న. ఆంధ్రప్రదేశ్‌లో రెండో వేవ్ తర్వాత బడులు తెరిచింది ఆగస్టు 16న. తెలంగాణ లెక్కే తీసుకుంటే దాదాపు ఏడాదిన్నర. నలభై ఏళ్ల మనిషికి ఏడాదిన్నర అంటే ఒక చెడ్డ కాలం, గడిచిపోతుంది. మూడేళ్ల పిల్లాడికి అది అప్పటిదాకా బతికిన బతుకులో సగం.

సరే, ఇంట్లోనే అమ్మానాన్నల మధ్య ఉన్న పిల్లాడికి భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఇది అర్థం కావాలంటే ఒక పాత ప్రయోగం చూడాలి.

[తెర మీద: బొమ్మ గీసి చూపించాలి. గాజు బల్ల, ఒక చివర పాప, ఇంకో చివర తల్లి.]

అమెరికాలో చేసిన ఈ ప్రయోగాన్ని 1985లో ప్రచురించారు. ఒక బల్ల, దాని మీద గాజు పలక. సగం దూరం గాజుకి ఆనుకునే గళ్ల గుడ్డ ఉంటుంది. మిగతా సగంలో ఆ గుడ్డ ఒక అడుగు లోతుకి దిగిపోతుంది. పైన గాజు ఉంది కాబట్టి పడేదేమీ లేదు, కానీ ఏడాది పాపకి అక్కడ గుంత ఉన్నట్టే కనిపిస్తుంది. పాప దోగాడుతూ ఆ అంచు దాకా వచ్చి ఆగుతుంది. తలెత్తి అవతలున్న అమ్మ మొహం చూస్తుంది.

అమ్మ నవ్వు మొహం పెడితే 19 మందిలో 14 మంది పిల్లలు దాటి వెళ్లారు. అమ్మ భయపడిన మొహం పెడితే 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు.

అమ్మలు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మొహం చాలింది.

ఇప్పుడు 2020లో మన మొహాలు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకోండి. టీవీలో రోజూ పెరిగే అంకెలు. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ దగ్గు వినిపించే కాలర్ ట్యూన్. జీతం సగమైన నాన్న, పాల ప్యాకెట్‌ని సబ్బుతో కడుగుతున్న అమ్మ, వీధిలో అంబులెన్సు వెళ్తే మాట ఆపేసే నానమ్మ. "పిల్లాడికేం తెలుసు" అనుకున్నాం. వైరస్ అంటే వాడికి తెలియదు, నిజమే. మన మొహం తెలుసు. వాడికి అదే వార్తాపత్రిక.

ఇంకొకటి కూడా చేశాం. అన్నం తినకపోతే "కరోనా వస్తుంది", గడప దాటితే "కరోనా పట్టుకుపోతుంది". మన చిన్నప్పుడు బూచోడు ఉండేవాడు. బూచోడు ఎప్పుడూ రాలేదు కాబట్టి కొన్నాళ్లకి నవ్వుకున్నాం. ఈ బూచోడు మాత్రం నిజంగానే పక్క ఫ్లాట్‌కి వచ్చాడు. ఆ ఇంటి తాతయ్యని తీసుకెళ్లాడు. నాలుగేళ్ల పాప ఈ రెండింటినీ ఎలా కలుపుకుంటుందో చూడండి: నేను అన్నం తినలేదు, తాతయ్య పోయాడు.

[తెర మీద: అంకెలు పెద్ద అక్షరాల్లో]

ఇదంతా నా ఊహేనా? కాదు. 2020 ఫిబ్రవరిలో, మన దగ్గర ఇంకా లాక్‌డౌన్ అనే మాటే లేనప్పుడు, చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో 320 మంది పిల్లల గురించి తల్లిదండ్రుల్ని అడిగారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో పెద్ద పిల్లల కంటే ఎక్కువగా కనిపించినవి రెండు. ఒకటి, అమ్మానాన్నల్ని అంటిపెట్టుకుని ఉండటం. రెండు, ఇంట్లోవాళ్లకి జబ్బు వస్తుందేమో అన్న భయం. బాత్‌రూమ్ తలుపు బాదిన మా వాడికి, షాన్‌షీలో ఎవరో పిల్లాడికి ఒకటే బాధ.

తర్వాత ఇటలీ, స్పెయిన్. స్పెయిన్‌లో అయితే 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏప్రిల్ 26 దాకా, అంటే ఆరు వారాలు, గడప దాటనివ్వలేదు. ఈ రెండు దేశాల్లో 1,143 మంది తల్లిదండ్రుల్ని అడిగితే 85.7 శాతం మంది పిల్లల్లో మార్పు చూశామన్నారు. 76.6 శాతం మంది, దేని మీదా మనసు నిలవడం లేదన్నారు. 39 శాతం మంది, చిరాకు పెరిగిందన్నారు. 31.3 శాతం మంది, ఒంటరితనం అన్నారు. ఇది తల్లిదండ్రులు చెప్పింది, ఇందులో పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలున్నారు. అది గుర్తుపెట్టుకునే ఈ అంకెలు చూడాలి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ఐర్లండ్ అధ్యయనం. 2020 మార్చి నుంచి మే లోపు పుట్టిన పిల్లల్ని పరిశోధకులు మొదటి నుంచీ గమనించారు. మొదటి పుట్టినరోజు నాటికి వాళ్లని, కరోనాకి ముందు పుట్టిన పిల్లలతో పోల్చారు. అర్థమయ్యే మాట ఒక్కటైనా పలికేవాళ్లు ముందు పుట్టినవాళ్లలో 89.3 శాతం, వీళ్లలో దాదాపు 77. వేలు పెట్టి చూపించేవాళ్లు 92.8 నుంచి 83.8కి తగ్గారు. చెయ్యి ఊపి టాటా చెప్పేవాళ్లు 94.4 నుంచి 87.7కి తగ్గారు.

[ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.]

టాటా చెప్పడం తగ్గింది. ఎందుకు? ఇంటికి ఎవరూ రాలేదు కాబట్టి ఎవరూ వెళ్లిపోలేదు. చుట్టాలు వెళ్తుంటే గుమ్మంలో చంకనెత్తుకుని, చెయ్యి పట్టి ఊపించి "టాటా చెప్పు, టాటా చెప్పు" అంటాం చూడండి, అదొక పాఠమని మనకెప్పుడూ తోచలేదు. అదే అధ్యయనంలో దోగాడే పిల్లలు మాత్రం ముందుకంటే ఎక్కువే, 91 శాతం నుంచి 97.5 శాతానికి. రోజంతా ఇంట్లో నేల మీదే ఉన్నారు మరి.

అంటే కాలం పిల్లల్ని మొత్తంగా వెనక్కి లాగలేదు. ఏది దొరికితే అది నేర్చుకున్నారు, ఏది దొరకలేదో అది ఆగింది. నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే, ఎందుకంటే ఆగినదాన్ని మళ్లీ కదిలించవచ్చు.

అందరికీ ఒకేలా దొరకలేదన్నది కూడా చెప్పాలి. లాక్‌డౌన్‌కి ముందే నానమ్మ ఊరికి వెళ్లి అక్కడే ఉండిపోయిన పిల్లల్ని చూశాను. వాకిలి ఉంది, వేపచెట్టు ఉంది, కోళ్ల వెంట పరుగులు ఉన్నాయి. వాళ్లలో కొందరికి అది జీవితంలో మంచి వేసవి. అదే కాలంలో ఒక్క గదిలో ఐదుగురున్న ఇళ్లు ఉన్నాయి. మేడ్చల్ వైపు హైవే మీద నాన్న భుజాల మీద ఉత్తరాదికి నడిచిపోయిన పిల్లలున్నారు. అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలకి గుడ్లు, బియ్యం, పప్పు ఇంటికే చేర్చారు, అది పెద్ద మేలు. కానీ గుండ్రంగా కూర్చుని పక్కవాడి పళ్లెంలోకి తొంగిచూస్తూ తినడం, ఆయా చేత చెయ్యి కడిగించుకోవడం, వరసలో తన వంతు కోసం ఆగడం, ఇవి సంచిలో వేసి పంపేవి కావు.

పోయినవాళ్ల సంగతి ఇంకో తీరు. 2021 ఏప్రిల్ వరకు 14 నెలల్లో, ప్రపంచవ్యాప్తంగా 15 లక్షల మందికి పైగా పిల్లలు తల్లినో తండ్రినో, ఒకే ఇంట్లో ఉండి చూసుకునే అవ్వాతాతలనో కోల్పోయారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో అంచనా వచ్చింది. మన ఇళ్లలో పిల్లలకి ఏం చెప్పాం? "అమ్మమ్మ ఊరెళ్లింది" అన్నాం. మా ఎదురింట్లో అదే చెప్పారు. ఆ తర్వాత ఆ పాప, వాళ్లమ్మ కూరగాయలకి వెళ్లినా గుక్కపట్టి ఏడ్చేది. ఊరెళ్లినవాళ్లు తిరిగి రారని ఆ పాపకి అర్థమైంది మరి. కష్టమే అయినా "చనిపోయింది, ఇక రాదు, నీ తప్పేం లేదు" అని చెప్పాలి. ఆ చివరి మూడు మాటలు తప్పకుండా చెప్పాలి.

[తెర మీద: ఫోన్ వెలుగు పడుతున్న పిల్లాడి మొహం]

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. సరిగ్గా ఏడాదికి మనమే ఎల్‌కేజీ పాఠాల కోసం చేతిలో ఫోన్ పెట్టాం. ఆ తల్లుల్ని నేను తప్పుపట్టను. పక్క గదిలో ఆఫీసు మీటింగ్, పొయ్యి మీద పప్పు, ఇంకెవరూ లేరు.

మరి ఆగినవి కదిలాయా? తమిళనాడు పల్లెల్లో సుమారు 19 వేల మంది పిల్లల చదువుని పరిశోధకులు వెంటబడి చూశారు. బడులు తెరిచిన ఆరు నెలల్లోనే పోయినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అందులో దాదాపు పావు వంతు 'ఇల్లం తేడి కల్వి' వల్ల, అంటే ఊళ్లోని వాలంటీర్లు సాయంత్రం పూట పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పిన చదువు వల్ల. అది చదువు లెక్క. కానీ ఆ సాయంత్రం గుంపులో దొరికింది చదువు ఒక్కటేనని నేననుకోను.

2020లో మూడు నాలుగేళ్లున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వాళ్లలో ఇప్పటికీ కొత్తవాళ్లంటే బెదురు, ఎవరికైనా జ్వరం వస్తే వణుకు, ఒంటరిగా పడుకోలేకపోవడం కనిపిస్తే, మొండితనం అని వదిలేయకండి. పిల్లల డాక్టర్‌కి చెప్పండి. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, నంబర్ 14416. ఖర్చు లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. ఇక ఇంట్లో, ఆ రోజుల కథ వాళ్లకి చెప్పండి. "నువ్వు చెప్పులేసుకుని కూర్చునేవాడివి తెలుసా" అని. మా వాడికి ఆ కథంటే ఇష్టం. ప్రతిసారీ తాళం ఎంత పెద్దదని అడుగుతాడు.

[తెర మీద: పార్కు. జారుడుబల్ల. దూరంగా ఇద్దరు పిల్లలు.]

ఆ తాళం తీసిన రోజు నేనూ వెళ్లాను. ఇన్నాళ్లూ అడిగినవాడు కదా, పరుగెడతాడనుకున్నాం. గేటు లోపల అక్క చున్నీ రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. జారుడుబల్ల దగ్గర వాడంత పిల్లాడే ఒకడున్నాడు, మాస్కు గడ్డం కిందికి జారిపోయి. మా వాడు చాలాసేపు చూసి, గుసగుసగా అడిగాడు: "అమ్మా, వాడిని ముట్టుకోవచ్చా?"

అక్కకి వెంటనే గొంతు రాలేదు. తల ఊపింది. అప్పటికీ వాడు అక్క మొహం ఇంకోసారి చూసుకున్నాడు. అప్పుడు చున్నీ వదిలి, వెళ్లి, ఆ పిల్లాడి భుజం మీద ఒక వేలితో పొడిచాడు. వాడు తిరిగి చూసి, వాడూ ఒక వేలితో పొడిచాడు.