టేపు, హార్డ్‌డిస్క్, డీవీడీ మూడూ ఒకే మెషిన్‌లో: పాత పెళ్ళి క్యాసెట్లు ఉన్నవాళ్ళు కొనొచ్చా?

నమస్తే అండి. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ పెద్ద పెట్టె గురించి కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. ఎడమవైపు వీహెచ్‌ఎస్ క్యాసెట్ పెట్టే చోటు, కుడివైపు డీవీడీ ట్రే, లోపల 250 జీబీ హార్డ్‌డిస్క్. ఈ మూడింటి మధ్య ఎటు నుంచి ఎటైనా కాపీ చేసుకోవచ్చని చెబుతారు. మోడల్ పేరు, స్పెసిఫికేషన్లు, అడుగుతున్న ధర స్క్రీన్ మీద పెట్టాను. అవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్ళను.

ఇది కొత్తది కాదు, బాగుచేసి అమ్ముతున్న సెకండ్‌హ్యాండ్ మెషిన్. మన విజయవాడలోనే ఇలాంటివి రిపేర్ చేసే ఒకాయన రివ్యూ కోసం ఇచ్చారు. డబ్బులు ఇవ్వలేదు, నేను అడగలేదు. వీడియో అయిపోయాక మెషిన్ ఆయనకి తిరిగి ఇచ్చేస్తాను.

కొనేవాళ్ళకి ముందుగా ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో జపాన్ నుంచి వచ్చిన ఇలాంటి మెషిన్లు చవగ్గా కనిపిస్తాయి. తొందరపడకండి. టీవీ బొమ్మకి జపాన్‌లో వాడింది ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతి, బొమ్మకి 525 లైన్లు. అక్కడి కరెంటు 100 వోల్టులు. మన క్యాసెట్లన్నీ పాల్ అనే పద్ధతివి, 625 లైన్లు, సెకనుకి 25 ఫ్రేములు. కరెంటేమో 230 వోల్టులు. ఆ మెషిన్‌ని నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన క్యాసెట్ దాంట్లో సరిగ్గా ఆడదు. నా దగ్గరున్నది పాల్‌దే, మన వోల్టేజికి చేసిందే.

సరే, నాకు ఇందులో బాగా నచ్చినదాని దగ్గరికి వద్దాం. హార్డ్‌డిస్క్.

చాలామంది టేపు నుంచి నేరుగా డీవీడీకి కాపీ చేస్తారు. చేయకండి. ముందు హార్డ్‌డిస్క్‌లోకి, అక్కడి నుంచి డీవీడీకి. ఎందుకంటే టేపు నుంచి తీసుకోవడానికి దగ్గరిదారి ఏదీ లేదు. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలు పట్టాల్సిందే. టేపు సెకనుకి 23 మిల్లీమీటర్ల పైచిలుకు వేగంతో మెల్లగా కదులుతుంటే, హెడ్ డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ దాన్ని ఒరుసుకుంటూ బొమ్మ చదువుతుంది. ఆడించిన ప్రతిసారీ టేపు కొద్దికొద్దిగా అరుగుతుంది. అందుకే పాత టేపుని వీలైనన్ని తక్కువసార్లు ఆడించి, మొదటిసారే మంచి కాపీ తీసుకోవాలి. ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్ మీద నేరుగా రాస్తుండగా మధ్యలో ఏదైనా తేడా వస్తే ఆ డిస్క్ పోయినట్టే, టేపుని మళ్ళీ మొదటి నుంచి ఆడించాలి. హార్డ్‌డిస్క్‌లో ఆ భయం లేదు.

ఒక్కసారి హార్డ్‌డిస్క్‌లోకి వచ్చిందంటే ఇక హాయి. మొదట్లో వచ్చే నీలం స్క్రీన్ కత్తిరించొచ్చు. కెమెరా ఆపడం మరిచిపోయి షామియానా కింద నేలని తీసిన ముక్కలు తీసేయొచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ చాప్టర్ పెట్టుకోవచ్చు. ఇదిగో చూడండి, రిమోట్‌లో రెండు బటన్లతో అయిపోయింది. తర్వాత డబ్బింగ్ లిస్ట్‌లో, అంటే కాపీ చేయాల్సినవాటి జాబితాలో పెట్టి హైస్పీడ్ కాపీ కొడితే రెండు గంటల వీడియో దాదాపు పది నిమిషాల్లో డిస్క్ మీదకి వెళ్ళిపోతుంది. హార్డ్‌డిస్క్‌లో ఉన్న డేటానే ఉన్నది ఉన్నట్టుగా రాస్తుంది కాబట్టి క్వాలిటీ ఏమాత్రం తగ్గదు. ఇంకో కాపీ హైదరాబాద్‌లో ఉన్న అక్కకి, ఇంకోటి అమెరికాలో ఉన్న తమ్ముడికి, అన్నీ ఒకేలా వస్తాయి. ఆ రోజుల్లో మా చుట్టాల ఇళ్ళల్లో ఒరిజినల్ క్యాసెట్ పెళ్ళికూతురి వాళ్ళ దగ్గర, దాని కాపీ పెళ్ళికొడుకు వాళ్ళ దగ్గర ఉండేది. ఆ కాపీలో ఎర్రచీర రంగు పక్కకి కారిపోయి ఉండేది. టేపు నుంచి టేపుకి వెళ్ళిన ప్రతిసారీ బొమ్మ అలా పాడయ్యేది.

ఒక సెట్టింగ్ మాత్రం గుర్తు పెట్టుకోండి. సెటప్‌లో రికార్డింగ్ మెనూలోకి వెళ్తే హైస్పీడ్ కాపీకి వీలుగా రికార్డ్ చేయమనే ఆప్షన్ ఉంటుంది. ఇది ఆఫ్‌లో వస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందే ఆన్ చేయాలి. తర్వాత చేస్తే లాభం లేదు, రెండు గంటల వీడియోని డిస్క్ మీదకి ఎక్కించడానికి మళ్ళీ రెండు గంటలు పడుతుంది, పైగా మళ్ళీ కంప్రెస్ అవుతుంది. ఇంత ముఖ్యమైనదాన్ని ఆఫ్‌లో పెట్టి ఎందుకు పంపారో నాకు అర్థం కాలేదు.

క్వాలిటీ మోడ్ విషయం. ఎక్స్‌పీ అంటే ఒక డిస్క్‌కి గంట, ఎస్‌పీ అంటే రెండు గంటలు, ఎల్‌పీ అంటే నాలుగు. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్నదే 240 లైన్ల వివరం కదా, ఎల్‌పీ చాలదా అని అడుగుతారు. చాలదండి. పాత టేపులో బొమ్మతో పాటు చుక్కలు, గీతలు కదులుతూ ఉంటాయి. కంప్రెషన్‌కి అది చుక్కో ముక్కుపుడకో తెలియదు, అన్నిటికీ బిట్లు ఖర్చు పెడుతుంది. ఎల్‌పీలో ముఖాలు గళ్ళుగళ్ళుగా విడిపోతాయి. మూడు గంటల పెళ్ళి క్యాసెట్ అయితే ఎస్‌పీలో రెండు డిస్కులు చేయండి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ వరకు ఒకటి, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఇంకోటి.

ఇంతకుముందు నేను యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ వాడాను, చూపుడువేలంత ఉంటుంది. లాప్‌టాప్‌కి పెట్టి వీసీఆర్ నుంచి మూడు వైర్లు కలపడమే. బొమ్మ పర్వాలేదు, కానీ గంట దాటేసరికి మాట ఒకచోట, పెదవి ఒకచోట. పాత టేపులో సిగ్నల్ నిలకడగా ఉండదు, స్టిక్ మధ్యమధ్యలో ఫ్రేములు వదిలేస్తుంది, ఆడియో మాత్రం తన దారిన తాను పోతుంది. ఈ మెషిన్‌లో ఆ బాధ లేదు. పూర్తి క్యాసెట్ చివర కూడా సన్నాయి వాయించే ఆయన బుగ్గలు, సన్నాయి శబ్దం కలిసే ఉన్నాయి. ఇది చూసి చాలా సంతోషం వేసింది. అప్పటికి కొనెయ్యాలనే అనుకున్నాను.

ఇప్పుడు అసలు గొడవ.

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్ళు ఉంటారు. ఆవిడ పెళ్ళి క్యాసెట్ 1990ల నాటిది, భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరాతో తీసింది. మా తాతయ్య మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. దాన్ని ఈ మెషిన్‌లో పెట్టాను. స్నాతకం బాగానే వచ్చింది, ఎదురుకోళ్ళు బాగానే వచ్చాయి. మాంగల్యధారణ దగ్గరికి రాగానే రికార్డింగ్ ఆగిపోయింది. స్క్రీన్ మీద మెసేజ్: ఇది కాపీ రక్షణ ఉన్న వీడియో, రికార్డ్ చేయడం కుదరదు.

మా ఇంటి పెళ్ళి! మా చుట్టాలు, మా తాతయ్య! దీనికి కాపీ రక్షణ ఎవరు పెట్టారు? మన ఇంటికి మనమే వస్తే గుమ్మం దగ్గర కొత్త వాచ్‌మన్ ఆపినట్టు ఉంది.

ఇలా ఎందుకు అవుతుందో చెబుతాను. సినిమా క్యాసెట్లని కాపీ చేయకుండా మాక్రోవిజన్ అని ఒక పద్ధతి ఉండేది. టీవీలో మనకి కనిపించని కొన్ని లైన్లు ప్రతి బొమ్మకీ పైన ఉంటాయి. వాటిలో అదనంగా పల్స్‌లు పెట్టేవారు. టీవీ వాటిని పట్టించుకోదు, వీసీఆర్‌లో వెలుగుని సర్దే సర్క్యూట్ మాత్రం తికమకపడి బొమ్మని ఒకసారి చీకటిగా, ఒకసారి వెలుతురుగా రికార్డ్ చేస్తుంది. తర్వాత వచ్చిన డీవీడీ రికార్డర్లలో, ఆ పల్స్‌లు కనిపిస్తే చాలు రికార్డింగే ఆపేసేలా చేశారు. అరిగిన టేపులో ఆ కనిపించని లైన్లలో కూడా గందరగోళం ఉంటుంది. ఆ గందరగోళాన్ని చూసి మెషిన్ మాక్రోవిజన్ అనుకుంటుంది.

సరిగ్గా మాంగల్యధారణ దగ్గరే ఎందుకు? ఇంట్లో వాళ్ళు ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది ఆ ముక్కనే కాబట్టి. ఎవరు వచ్చినా అక్కడ పెట్టి చూపించేవారు. పాజ్ చేసి 'ఇదిగో మీ మామయ్య' అని చూపించేవారు. పాజ్ చేసినప్పుడు టేపు ఆగుతుంది కానీ హెడ్ ఆగదు, ఒకేచోట ఒరుసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఏ క్యాసెట్‌లోనైనా అన్నిటికంటే ఎక్కువ అరిగేది ఇంటివాళ్ళకి బాగా ఇష్టమైన చోటే. ఈ మెషిన్ ఆగిపోయేది కూడా అక్కడే. చుట్టాలు భోజనాలు చేసే అరగంట మాత్రం చక్కగా కాపీ చేస్తుంది.

హెడ్ క్లీన్ చేశాను, ట్రాకింగ్ మార్చి చూశాను, కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టి చూశాను. అక్కడే ఆగుతుంది. దీనికి తెలిసిన మందు ఒకటి ఉంది, టైమ్ బేస్ కరెక్టర్, పొట్టిగా టీబీసీ. మామూలుగా అయితే వీసీఆర్‌కీ రికార్డర్‌కీ మధ్యలో ఫ్రేమ్ మొత్తాన్ని పట్టుకుని సింక్‌ని, అంటే ప్రతి లైనూ ఫ్రేమూ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే పల్స్‌లని, కొత్తగా తయారుచేసే టీబీసీ పెడితే సిగ్నల్ శుభ్రమై వస్తుంది, ఈ అపార్థం పోతుంది. కానీ ఇందులో వీసీఆర్, రికార్డర్ ఒకే పెట్టెలో లోపలే కలిసిపోయి ఉన్నాయి. మధ్యలో ఏమీ పెట్టే వీల్లేదు. టేపుని బయటికి పంపి, దాని ఇన్‌పుట్‌లోకే తిప్పి తెద్దామంటే, టేపు ఆడుతున్నప్పుడు బయటి ఇన్‌పుట్ రికార్డ్ చేయనివ్వదు. అంటే ఇంకో వీసీఆర్ కావాలి. మరి మూడూ ఒకే పెట్టెలో అని దీన్ని కొనడం ఎందుకు?

మెషిన్ ఇచ్చినాయనకి ఫోన్ చేసి చెప్పాను. "అన్నా, అది దాని డిజైన్, మనం చేయగలిగింది లేదు" అన్నారు. నిజమే చెప్పారు, ఆయన తప్పేమీ లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హార్డ్‌డిస్క్ నుంచి తిరిగి టేపుకి కాపీ అవుతుంది, క్యాసెట్ వెనకాల విరిగిన ట్యాబ్ దగ్గర సెల్లోటేపు అంటిస్తే చాలు. కానీ వీసీఆర్లు చేసిన చివరి కంపెనీ 2016లో ఆపేసింది, ఇప్పుడు టేపు మీదకి ఎక్కించి ఎవరికి ఇస్తాం? దీని ముందువైపు మినీడీవీ కెమెరాకి ఇన్‌పుట్ కూడా ఉంది, 2004 కృష్ణా పుష్కరాలప్పటి మినీడీవీ టేపులు ఉన్నవాళ్ళు దాన్ని మాత్రం వాడకండి. ఆ టేపులో ఉన్నది డిజిటలే, గంటకి 13 జీబీ. ఫైర్‌వైర్ అనే కనెక్షన్ ఉన్న పాత కంప్యూటర్‌లోకి దింపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఇందులోకి ఎక్కిస్తే ఎంపెగ్-2 అనే కంప్రెషన్ కింద నలిగిపోతుంది.

యూఎస్‌బీ లేదు. హార్డ్‌డిస్క్‌లో ఉన్నది బయటికి రావాలంటే డీవీడీ ఒక్కటే దారి. హార్డ్‌డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి పెట్టినా చదవదు, దాని ఫార్మాట్ వేరు. రేపు బోర్డు పోతే లోపల ఉన్న వీడియోలు కూడా పోయినట్టే లెక్క. కాబట్టి దీంట్లో ఏదీ దాచుకోకండి, కాపీ అవ్వగానే డిస్క్ ఫైనలైజ్ చేసి, అంటే వేరే మెషిన్లు కూడా చదివేలా ముగించి, కంప్యూటర్‌లోకి ఎక్కించండి. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే ఆ రికార్డింగ్ దక్కకపోవచ్చు, యూపీఎస్ మీదే నడపండి.

ఇంకొకటి, సింగ్‌నగర్ వైపు నుంచి ఒకరు అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళలో మునిగిన క్యాసెట్లు ఇందులో ఆడతాయా అని. దయచేసి అలా నేరుగా పెట్టకండి. బురద హెడ్‌కి అంటుకుంటే టేపూ పోతుంది, మెషినూ పోతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడిలా కనిపించిందంటే అది ఫంగస్, దాన్ని కూడా పెట్టకూడదు. ఎండలో ఆరబెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఫ్యాన్ గాలికి నీడలో ఆరనిచ్చి, క్యాసెట్ డొప్ప విప్పి శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

నా మాట ఏమిటంటే, ఈ ధరకి ఇంట్లో వాడుకోవడానికి దీన్ని కొనొద్దు. ఎడిటింగ్, హైస్పీడ్ కాపీ, ఆడియో సింక్, అన్నిటికీ మంచి మార్కులు వేస్తాను. కానీ మాంగల్యధారణ కాపీ చేయనివ్వని మెషిన్ నాకు అక్కర్లేదు. అప్పుడప్పుడు మాత్రమే ఆడించిన మంచి క్యాసెట్లు బోలెడు ఉండి, విడిగా ఇంకో వీసీఆర్ కూడా ఉన్న మిక్సింగ్ ల్యాబ్ (వీడియోలు ఎడిట్ చేసేచోటు) వాళ్ళకైతే పనికొస్తుంది.

పిన్ని క్యాసెట్ సంగతి అడుగుతారని తెలుసు. గవర్నర్‌పేటలో మిక్సింగ్ చేసే ఒక అన్న దగ్గర వీసీఆర్, టైమ్ బేస్ కరెక్టర్ తీసుకుని, ఇదే మెషిన్ ఇన్‌పుట్‌కి కలిపి కాపీ చేశాను. మూడు గంటలూ వచ్చింది. ఆ కనెక్షన్లు ఎలా ఇచ్చానో, ఏ వైరు ఎక్కడ పెట్టానో వచ్చే వీడియోలో చూపిస్తాను. మీ దగ్గర ఏ రకం టేపులు ఉన్నాయో, మెషిన్ ఎక్కడ ఆగుతోందో కింద రాయండి, ఆ వీడియోలో వాటికి కూడా సమాధానం చెబుతాను.